సగం మొహం ఏమైంది? – ఫిల్మ్ నువార్ లైటింగ్ మీద మీ ప్రశ్నలు, మా జవాబులు

పోయిన సంచికలో 1940ల నాటి అమెరికన్ నలుపు తెలుపు క్రైమ్ సినిమాల గురించి ఒక పేజీ రాశాను కదా, అవే ఫిల్మ్ నువార్ అంటారే, టోపీ డిటెక్టివ్, గోడ మీద కిటికీ చారల నీడలు, తడి రోడ్డు, సిగరెట్ పొగ, ఆ బాపతు. ఒక్క పేజీకి ఇన్ని ఉత్తరాలొస్తాయని అనుకోలా. గుంటూరు వాళ్ళు చక్కగా రాసి పంపారు, బెజవాడ వాళ్ళు మాత్రం వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్‌లు పెట్టారు, వెనకాల ఆటో హారన్లతో సహా, వాటిని నేనే విని రాసుకున్నా. అన్నిటికీ కుదరదు గానీ కుదిరినన్నిటికి చెప్తా.

సార్, మీది చదివి మా రూమ్‌లో లైట్లన్నీ ఆపేసి టేబుల్ ల్యాంప్ ఒక్కటి పెట్టి ఫోన్‌తో షూట్ చేశాం. మీరు చెప్పినట్టు రాలేదు సార్, అంతా బురద బురదగా, చుక్కలు చుక్కలుగా వచ్చింది. ఫోన్ మార్చాలా?
– డిగ్రీ సెకండియర్ విద్యార్థి, బ్రాడీపేట, గుంటూరు

ఫోన్‌ని ఏమీ అనకు తమ్ముడూ, పాపం దాని తప్పేం లేదు. నువార్ అంటే లైటు తగ్గించడం అనుకున్నారు మీరు, అందరూ మొదట అట్టాగే అనుకుంటారు, నేనూ అనుకున్నా. అసలు సంగతేంటంటే ఆ సినిమాల్లో వెలుగు పడ్డ చోట తక్కువేం ఉండదు, దండిగా ఉంటుంది, బుగ్గ ఎముక, నుదుటి మీద చెమట అన్నీ తెలుస్తుంటాయి. పడని చోట మాత్రం అస్సలుండదు. మీరు రెండు చోట్లా తగ్గించేశారు, అందుకే బురద.

మామూలుగా మనిషికి మూడు లైట్లు పెడతారు. ఒక పక్క నుంచి, కాస్త పైనుంచి మెయిన్ లైటు, దాన్ని కీ లైట్ అంటారు. దానివల్ల మొహం రెండో పక్క నీడ పడుద్ది కదా, ఆ నీడని నింపడానికి కెమెరా దగ్గర్నుంచి మెత్తటి లైటు ఇంకోటి, అది ఫిల్. వెనక నుంచి జుట్టు మీద, భుజాల మీద సన్నటి గీత గీసినట్టు మూడోది, బ్యాక్ లైట్. మన సీరియల్స్ చూడు, అత్తగారు అర్ధరాత్రి పాలల్లో విషం కలిపే సీన్లో కూడా ఆవిడ మొహం నగల షాపులో నిలబడ్డట్టు వెలిగిపోతుంటుంది, అంటే ఫిల్ దంచికొట్టారన్నమాట. నువార్ వాళ్ళు చేసిన పని ఆ ఫిల్‌ని ఆపేయడం, లేకపోతే ఉండీ లేనట్టుగా ఉంచడం. మామూలు సీన్లో వెలుగు పక్కకీ నీడ పక్కకీ తేడా రెండింతలో మూడింతలో ఉంటే వీళ్ళది ఎనిమిదింతలు, ఒక్కోసారి ఆ పైన.

ఇప్పుడు మీ రూమ్ సంగతికొద్దాం. గోడలు ఏ రంగు? తెలుపో లేత క్రీమో అయ్యుంటుంది, అద్దె ఇల్లు కదా. ఆ గోడలే మీ ఫిల్ లైటు! ల్యాంప్ వెలుగు ఎదురు గోడకి కొట్టుకుని తిరిగొచ్చి నీడ వైపు మొహాన్ని నింపేస్తోంది, మీకు తెలీకుండానే. దానికి మందు నల్ల గుడ్డ. సినిమా వాళ్ళయితే నల్ల తెరలు, కట్టర్లు అని పెట్టుకుంటారు, మనకి అంత అవసరం లేదు, మీ ఇంట్లోనో పక్కింట్లోనో ఎవరైనా అయ్యప్ప మాల వేసుకుని దీక్ష అయిపోయాక ఉతికి మడతపెట్టిన నల్ల పంచెలు ఉంటాయి, పెద్దవాళ్ళని అడిగి రెండు తెచ్చుకో, నీడ వైపు మనిషికి రెండడుగుల దూరంలో దండెం మీద వేలాడదీయ్. తేడా అక్కడికక్కడే కళ్ళకి కనపడుద్ది, ఫోన్ కూడా అక్కర్లేదు.

రెండోది, మనిషిని గోడకి ఆనించి కూర్చోబెట్టొద్దు, ముందుకి లాగు. లైటుకి మనిషి మూడడుగుల్లో ఉండి వెనక గోడ ఆరడుగుల్లో ఉంటే గోడ మీద పడేది మనిషి మీద పడేదాంట్లో నాలుగో వంతే. గోడ తొమ్మిదడుగుల్లో ఉంటే తొమ్మిదో వంతు. దూరం రెట్టింపయితే వెలుగు సగం కాదు, పావు అవుద్ది, ఇంటర్ ఫిజిక్స్‌లో చదువుకునే ఉంటావు, పరీక్ష అయిపోగానే మర్చిపోయుంటావు.

మూడోది ఫోన్. అది చీకటి చూడగానే కంగారు పడి, అయ్యో ఏం కనపడట్లేదే అని మొత్తాన్ని లేపేస్తుంది, ఆ లేపడంలో వచ్చేవే నువ్వన్న చుక్కలు. వెలుగు పడ్డ బుగ్గ మీద వేలు నొక్కి పట్టుకో, లాక్ అవుద్ది, చాలా ఫోన్లలో పక్కనే చిన్న సూర్యుడి బొమ్మ వస్తుంది, దాన్ని కిందకి లాగు. నైట్ మోడ్ ఆపేయ్, అది మన శత్రువు. ఆ పాలరంగు బల్బు కూడా తీసేసి ఇంకో ఫోన్ టార్చ్ వాడు, లైటు ఎంత చిన్నదైతే నీడ అంచు అంత పదునుగా వస్తుంది, పాలబల్బు, ట్యూబ్‌లైటు లాంటివన్నీ నీడని మెత్తబరిచేస్తాయి.

నోయిర్ అనాలా, నాయిర్ అనాలా, నువార్ అనాలా? మా ఇంట్లో మూడూ అంటున్నారు.
– రిటైర్డ్ టీచర్, లక్ష్మీపురం, గుంటూరు

నువార్ అండీ, ఫ్రెంచ్ మాట, నలుపు అని అర్థం. నాయిర్ అంటే మాత్రం టీ కొట్టు గుర్తొస్తుంది. తమాషా ఏంటంటే ఆ సినిమాలు తీసిన అమెరికా వాళ్ళకి అప్పట్లో ఈ పేరే తెలీదు, మెలోడ్రామా అనో క్రైమ్ పిక్చర్ అనో అనుకుంటూ తీసుకుంటూ పోయారు. యుద్ధంలో ఫ్రాన్స్‌ని జర్మన్లు ఆక్రమించినన్నాళ్ళూ అక్కడికి అమెరికన్ సినిమాలు రాలేదు, యుద్ధం అయ్యాక 1946లో అన్నీ ఒక్కసారి వచ్చి పడేసరికి, ఏంటి ఇవన్నీ ఇంత నల్లగా ఉన్నాయి అని అక్కడి విమర్శకుడు నినో ఫ్రాంక్ ఈ పేరు పెట్టాడు. ఏడాదికొకటి చొప్పున చూసుంటే ఎవరికీ తట్టేది కాదేమో, వరసపెట్టి చూడబట్టి తట్టింది.

కరెంటు ఖర్చు, సెట్ల ఖర్చు మిగుల్చుకోడానికే చీకట్లో తీశారు, దాన్నే తర్వాత ఆర్ట్ అన్నారు అని మా ఫ్రెండ్ వాదన. నిజమేనా?
– ఒక పాఠకుడు, మంగళగిరి

మీ ఫ్రెండ్ సగం కరెక్ట్. యుద్ధకాలంలో సెట్లకి చెక్క, మేకులు, గుడ్డ అన్నిటికీ కరువే, పైగా వీటిల్లో చాలా భాగం చిన్న బడ్జెట్ సినిమాలు, డబుల్ ప్రోగ్రామ్‌లో రెండో సినిమాగా వేసే రకం. సెట్‌లో సగమే కట్టి మిగతా సగం మీద చీకటి కప్పేస్తే అడిగేవాడెవడు? 1945లో వచ్చిన 'డిటూర్' అనే చాలా చవక సినిమాలో న్యూయార్క్ వీధి చూపించాలి, వీధి లేదు, ఫ్రేమంతా పొగమంచు నింపేసి ఒక వీధిదీపం పెట్టి నడిపించేశారు. మన నాటకాల వాళ్ళకి ఇది కొత్త విద్యేం కాదు, తెర వెనక దీపం పెట్టి అడివి చూపించిన వాళ్ళం.

కానీ మిగతా సగం ఖర్చుతో తేలేది కాదు. ఆ చూపు జర్మనీ నుంచి వచ్చింది. 1920లో అక్కడ 'కాలిగరి' అని ఒక సినిమా వచ్చింది, దాంట్లో నీడల్ని లైటుతో తేకుండా సెట్ మీద, నేల మీద రంగుతోనే వేసేశారు, కిటికీలు వంకర, గోడలు వంకర, పిచ్చివాడి బుర్రలో ఊరు ఎట్టా ఉంటుందో అట్టా. ఆ వాతావరణంలో పెరిగిన ఫ్రిట్జ్ లాంగ్, రాబర్ట్ సియోద్‌మాక్, బిల్లీ వైల్డర్ లాంటి వాళ్ళు 1933లో హిట్లర్ రాగానే దేశం వదిలి చివరికి హాలీవుడ్ చేరారు, ఆ నీడలు కూడా వాళ్ళ పెట్టెలోనే వచ్చాయనుకోండి. డబ్బున్న పెద్ద స్టూడియో సినిమాలు కూడా ఇట్టాగే నల్లగా ఉన్నాయి మరి, అందుకని పిసినారితనం ఒక్కటే కారణమంటే నేనొప్పుకోను, మీ ఫ్రెండ్‌కి చెప్పండి.

గోడ మీద కిటికీ చారల నీడలు ఎట్టా వస్తాయి? మా ఇంట్లో ఆ మడత పలకల కర్టెన్లు లేవు. షార్ట్ ఫిల్మ్ తీస్తున్నాం, బడ్జెట్ 4,000.
– ఇద్దరు స్నేహితులు, విద్యాధరపురం, విజయవాడ

నాలుగువేలా, అయితే మూడువేల తొమ్మిదొందలు బిర్యానీకి ఉంచుకోండి.

అట్టపెట్టె ఒకటి తీసుకోండి, ఫ్రిజ్జో వాషింగ్ మెషినో వచ్చిన పెద్దది. బ్లేడుతో అడ్డంగా అంగుళం వెడల్పు చీలికలు, మధ్యలో అంగుళం అట్ట వదిలేస్తూ పది పన్నెండు కోయండి. దాన్ని లైటుకీ గోడకీ మధ్య నిలబెట్టండి. అంతే కిటికీ. ఇక్కడే అందరూ ఒక తప్పు చేస్తారు, అట్టని తీసుకెళ్ళి లైటు ముందే పెట్టేస్తారు, అప్పుడు గోడ మీద చారలు రావు, ఏదో మబ్బు మబ్బుగా వస్తుంది. అట్టని లైటు నుంచి దూరంగా, గోడకి దగ్గరగా జరపండి, జరిపే కొద్దీ చార అంచు బిగుసుకుంటూ వస్తుంది, ఎక్కడ కత్తిలా తెగిందో అక్కడ ఆపండి. లైటు మాత్రం ఎంత దూరంగా ఉంటే అంత మంచిది, రూమ్ చాలకపోతే వరండాలో పెట్టి తలుపులోంచి కొట్టండి. అట్టని కాస్త ఒక పక్కకి వంచి నిలబెడితే చారలు ఏటవాలుగా పడతాయి, సాయంత్రం ఎండలాగా. వంపు లేకుండా తిన్నగా అడ్డంగా పడ్డ చారలు ఎందుకో దడిలా కనపడతాయి, నాకు నచ్చవు.

అట్ట కూడా దొరక్కపోతే మన పాత ఇళ్ళ కిటికీ ఊచలున్నాయి. సత్యనారాయణపురంలో మా పాత ఇంట్లో మధ్యాహ్నం మూడున్నర దాటితే ఊచల నీడ మంచం మీద నుంచి నేల మీదికి, నేల మీద నుంచి బీరువా మీదికి పాక్కుంటూ పోయేది, మా నాయనమ్మ దాన్ని చూసే టీ పెట్టేది. నువార్ పేరు వినకముందే మా ఇంట్లో నువార్ ఉంది.

ఇక ఆ వెలుగు కడ్డీలు గాల్లో కూడా కనపడాలంటే గాల్లో ఏదో ఒకటి ఉండాలి. 1944లో బిల్లీ వైల్డర్ తీసిన 'డబుల్ ఇండెమ్నిటీ'కి జాన్ సైట్జ్ కెమెరామేన్, దాంట్లో హీరో హీరోయిన్ ఇంట్లోకి మొదటిసారి వెళ్ళినప్పుడు హాలంతా దుమ్ము తేలుతూ కనపడాలని ఆయన గాల్లో అల్యూమినియం పొడి చల్లించాడు. మీరు చల్లకండి బాబూ, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. మనకి సాంబ్రాణి ఉండనే ఉంది! శుక్రవారం సాయంత్రం మీ అమ్మగారు ధూపం వేశాక అయిదు నిమిషాలు ఆగి, ఫ్యాన్ ఆపేసి, పొగ పల్చగా పరుచుకున్నాక షాట్ పెట్టండి. ఇంకో కిటుకు, పొగకి లైటు వెనక నుంచో పక్క నుంచో రావాలి, కెమెరా వైపు నుంచి కొడితే పొగ తెల్లటి తెరలా అడ్డం పడి ఏమీ కనపడదు, పొగమంచులో కారు హెడ్‌లైట్లు ఫుల్ బీమ్ వేస్తే ఏమవుద్దో తెలుసు కదా, అదే.

పెళ్ళి ఫోటోల్లో ఈ సగం వెలుగు సగం చీకటి లైటింగ్ ట్రై చేయొచ్చా అన్నా?
– ఫోటోగ్రాఫర్, తెనాలి

చేయొచ్చు, అడ్వాన్స్ మొత్తం తీసుకున్నాక.

నాది చెప్తా విను. ఎనభైల చివర్లో గవర్నర్‌పేటలో ఒక స్టూడియోలో అసిస్టెంట్‌గా చేసేవాణ్ణి. ఓనర్‌కి జ్వరమొచ్చి ఒక పెళ్ళికి నన్ను పంపారు. అప్పుడప్పుడే ఫిల్మ్ సొసైటీ షోలు చూసి బుర్ర చెడి ఉన్నా. పెళ్ళికూతుర్ని విడిది గదిలో కిటికీ పక్కన కూర్చోబెట్టి, ఫ్లాష్ తీసేసి, రెండో వైపు పందిరి వాళ్ళ దగ్గర అడుక్కున్న నల్ల టార్పాలిన్ పట్టించి, ఎనిమిది ఫ్రేములు తీశా. ఒక పక్క ముక్కుపుడక మెరుస్తోంది, చెంపసరాలు మెరుస్తున్నాయి, రెండో పక్క కన్ను కింద చిన్న ముక్కోణం వెలుగు తప్ప అంతా చీకటి. ఆ ముక్కోణాన్నే రెంబ్రాంట్ లైటింగ్ అంటారు, ఆ డచ్ పెయింటర్ బొమ్మల్లో అట్టా ఉంటుందని. ప్రింట్లు వచ్చిన రోజు నేను నిద్రపోలా, అంత బాగున్నాయి. ఆల్బం ఇచ్చిన రోజు పెళ్ళికూతురి తండ్రి వచ్చి కౌంటర్ మీద పేజీ తెరిచిపెట్టి, అబ్బాయ్, మా అమ్మాయి సగం మొహం ఏమైంది, సగమే తీశావు కాబట్టి సగం డబ్బులే ఇస్తాం అన్నాడు. ఇచ్చాడు కూడా, సగమే. మిగతా సగం నా జీతంలో పోయింది.

ఇప్పుడాలోచిస్తే ఆయన తప్పేం లేదు. పెళ్ళి ఫోటో పని అందర్నీ చూపించడం, మూడో వరసలో నిలబడ్డ మేనత్త తోడికోడలు మొహం కూడా కనపడాలి, లేకపోతే పదేళ్ళు మాటలుండవు. నువార్ పని దాచడం, వీడు మంచోడా చెడ్డోడా అని నీకు తెలీకుండా సగం దాచి కూర్చోబెట్టడం. కొత్త పెళ్ళికూతురి మొహం మీద ఆ అనుమానం పెడితే తండ్రికి కాలదా మరి?

ఆ రోజుల్లో హాలీవుడ్ వాళ్ళు కూడా హీరోయిన్ దగ్గరికొచ్చేసరికి చాలాసార్లు లొంగిపోయారులే. 1944లో 'ది లాడ్జర్' అనే సినిమా తీస్తున్నప్పుడు మెర్ల్ ఒబెరాన్ మొహం మీద కారు ప్రమాదం తాలూకు మచ్చలు కనపడకుండా లూసియన్ బల్లార్డ్ అనే కెమెరామేన్ లెన్స్ పక్కనే ఒక చిన్న లైటు బిగించాడు, ఎదురుగా సూటిగా పడేసరికి మచ్చల గుంటల నీడలు మాయం, కంట్లో మెరుపు కూడా వచ్చింది. దానికి ఓబీ అని ఆవిడ పేరే పెట్టారు, తర్వాత ఇద్దరూ పెళ్ళి చేసుకున్నారు. నువ్వు మండపంలో ఓబీ వాడు, మండపం అయ్యాక పెళ్ళికొడుకుని డాబా మీదికి తీసుకెళ్ళి ఒక్క లైటుతో నువార్ తీసుకో, మగాళ్ళు సగం మొహానికి గొడవ చేయరు, డీపీ పెట్టుకుంటారు.

ఆ సినిమాల్లో కెమెరా వంకరగా పెడతారేంటండీ? మేం గోడ అట్టా కడితే డబ్బులివ్వరు.
– తాపీ మేస్త్రి, పెదకాకాని

ఈ సంచికకి బెస్ట్ ప్రశ్న మీదే మేస్త్రిగారూ. 1949లో వియన్నాలో తీసిన 'ది థర్డ్ మేన్' చూడండి, సినిమాలో సగం వీధులు పక్కకి ఒరిగిపోయి ఉంటాయి, యుద్ధంలో విరిగిపోయిన ఊళ్ళో ఎవరిని నమ్మాలో తెలీని మనిషి కథ కాబట్టి నేల కూడా నమ్మకంగా ఉండకూడదని. అది చూసి విలియం వైలర్ అనే ఇంకో పెద్ద డైరెక్టర్, ఆ సినిమా డైరెక్టర్ కరోల్ రీడ్‌కి ఏం పంపాడో తెలుసా, రసమట్టం! ఈసారి కెమెరా మీద పెట్టుకో అని. కెమెరామేన్ రాబర్ట్ క్రాస్కర్‌కి మాత్రం ఆ వంకరకే ఆస్కార్ ఇచ్చారు. మీరు మాత్రం గోడ తిన్నగానే కట్టండి.

రోడ్డు ఎప్పుడు చూసినా తడిగానే ఉంటుందేంటి? ఆ ఊళ్ళల్లో రోజూ వానేనా?
– ఇంటర్ విద్యార్థిని, పటమట, విజయవాడ

వాన కాదమ్మా, ట్యాంకర్. పొడి తారు రోడ్డు వెలుగుని తాగేస్తుంది, కొంచెం విరజిమ్ముతుంది, రాత్రిపూట కెమెరాకి అది ఉత్త నల్లటి చాప. అదే తడిస్తే అద్దం అవుద్ది, దూరంగా ఒక్క వీధిదీపం ఉన్నా దాని వెలుగు గీతలా నీ కాళ్ళ దాకా వస్తుంది, ఒక్క లైటుతో రెండు లైట్ల పని. వాన వెలిశాక రాత్రి పది గంటలప్పుడు బీసెంట్ రోడ్డులో షాపులు మూసే టైముకి వెళ్ళి చూడు, షాపు బోర్డుల రంగులన్నీ నేల మీద పారుతుంటాయి. ఆ మెరుపు కావాలంటే లైటు నీకు ఎదురుగా, రోడ్డు అవతలి చివర ఉండాలి, కెమెరా మోకాలి ఎత్తుకి దించాలి, నీ వెనక నుంచి లైటు కొడితే ఎంత నీళ్ళు పోసినా తడి తెలీదు.

అంతకుముందు చాలామంది రాత్రి సీన్లని పగలే తీసి, ఫిల్టర్ వేసి, నల్లగా ప్రింట్ చేసి రాత్రి అనేవాళ్ళు, నీడలు మాత్రం మిట్టమధ్యాహ్నం లాగే ఉండేవి. నువార్ వాళ్ళు చాలావరకు నిజంగా రాత్రిపూటే వీధిలోకి వెళ్ళి తీశారు, అందుకే ఆకాశం సిరాలా ఉంటుంది.

మేం కూడా చేశాం ఒకసారి. కొన్నేళ్ళ కిందట, మే నెల, వన్‌టౌన్‌లో ఒక సందు, రాత్రి ఒంటిగంట, షార్ట్ ఫిల్మ్. ప్రైవేట్ ట్యాంకర్ మాట్లాడి సందంతా తడిపించాం. రెండు తప్పులు జరిగాయి. ఒకటి, మే నెలలో బెజవాడ తారు రోడ్డు రాత్రి ఒంటిగంటకి కూడా పెనంలా ఉంటుందని మర్చిపోయాం, మేం లైటు సర్దుకునేలోపు సగం ఆరిపోయింది, ఆవిరొకటి. రెండు, ట్యాంకర్ చప్పుడికి సందులో లైట్లు ఒక్కోటీ వెలిగాయి, తలుపులు తెరుచుకున్నాయి, ఆడవాళ్ళు బిందెలు పట్టుకుని బయటికొచ్చేశారు, మంచినీళ్ళు రోడ్డు మీద పోస్తున్నారేంట్రా మీకు పోయేకాలం వచ్చిందా అని ఒక పెద్దావిడ హీరోని చీపురు తీసుకుని తరిమింది. హీరో పరిగెత్తాడు, తడి రోడ్డు మీద పొడుగాటి నీడతో, ఎంత బాగా వచ్చిందో ఆ షాట్. మిగతా నీళ్ళు బిందెలకి పట్టించి ఇంటికొచ్చాం.

మన తెలుగులో నువార్ ఉందా గురువుగారూ?
– సినిమా డిస్ట్రిబ్యూషన్ ఆఫీస్‌లో పనిచేసే పాఠకుడు, గాంధీనగర్, విజయవాడ

ముక్కలు ముక్కలుగా ఉంది, మొత్తంగా ఇదిగో అని చూపించడం కష్టం. మనవాళ్ళకి నలుపు తెలుపులో చేయి తిరగలేదా అంటే అది కాదు, మార్కస్ బార్ట్‌లే 1957లో 'మాయాబజార్'లో లైట్లతో చేసిన వెన్నెల ఇవాళ్టికీ ఎవరికీ అంతుపట్టలా. కాకపోతే అది వెన్నెల. మెత్తగా, అన్ని వైపుల్నుంచీ పరుచుకున్నట్టుండే వెలుగు. నువార్‌కి కావాల్సింది వీధిదీపం, ఒక్క వైపు నుంచి గుచ్చుకునే వెలుగు. మనం వెన్నెల వైపు మొగ్గాం, పాటలున్నాయి కదా మరి, పాటలో హీరోయిన్ మొహం సగం దాస్తే టికెట్ డబ్బులు వెనక్కి అడుగుతారు, మా పెళ్ళికూతురి తండ్రిలాగా.

పాటలే వద్దనుకుని మద్రాసులో ఒకాయన తీశాడు, తమిళంలో, ఎస్. బాలచందర్, 1954లో 'అంద నాళ్', ఏవీఎం వాళ్ళది, శివాజీ గణేశన్ హీరో, ఒక్క పాట లేదు, ఒక హత్య, దాని చుట్టూ తలా ఒక మాట. అది దొరికితే చూడండి.

హిందీలో వి.కె. మూర్తి. 1959లో గురుదత్ 'కాగజ్ కే ఫూల్'లో ఖాళీ స్టూడియోలో పైనుంచి కిందికి ఒక వెలుగు స్తంభం దిగుద్ది, దాంట్లో ఇద్దరు మనుషులు, దుమ్ము, అంతే. ఆ స్తంభం ఏ లైటుతోనూ రాలేదు, బయటి ఎండని పెద్ద అద్దాలతో లోపలికి మళ్ళించి తెచ్చారు. కథ చూస్తే అది క్రైమ్ సినిమా కాదు, నువార్ లెక్కలోకి రాదు, కానీ లైటు చూస్తే అన్న వరస అవుద్ది. తర్వాత ఆయనకి 2008 సంవత్సరానికి ఫాల్కే అవార్డు వచ్చింది, కెమెరామేన్లలో అందుకున్న మొదటి మనిషి ఆయనే.

ఇక మన ఊళ్ళో ఇంజనీరింగ్ చదివిన రాంగోపాల్ వర్మ 1989లో 'శివ' తీశాడు, ఎస్. గోపాల్‌రెడ్డి కెమెరా. దాన్ని నువార్ అని నేననను, కొందరంటారు, వాదించుకోండి. నాకు దాంట్లో నచ్చింది మాత్రం రాత్రి అంటే రాత్రిలాగే ఉండనివ్వడం.

కలర్‌లో నువార్ కుదరదా?
– వాయిస్ మెసేజ్, పేరు చెప్పలేదు, వెనకాల పకోడీలు వేగుతున్న చప్పుడు

కుదురుద్ది. 1945లోనే టెక్నికలర్‌లో 'లీవ్ హర్ టు హెవెన్' అని ఒకటి తీశారు, పట్టపగలు, నీలం సరస్సు, చుట్టూ చెట్లు, అందులో ఒక చావు. చూశాక నీళ్ళంటే భయమేస్తుంది. మనకి వీధుల్లో పాత సోడియం దీపాలున్నన్నాళ్ళూ కలర్ నువార్ ఫ్రీగా దొరికేది, ఆ పసుపు కింద ఎర్ర చీర, ఆకుపచ్చ చీర రెండూ ఒకే మట్టిరంగులోకి వచ్చేసేవి. ఇప్పుడు తెల్ల ఎల్‌ఈడీలు వచ్చి దొంగకి కూడా దాక్కోడానికి చోటు లేదు.

మీ ఆర్టికల్ చదివినప్పట్నుంచి మావాడు రాత్రిళ్ళు హాల్లో లైట్లన్నీ ఆపేసి టార్చ్ పట్టుకుని వాళ్ళ తాతయ్య మొహం మీద వేస్తున్నాడండీ. ఆయనకి డెబ్భై ఎనిమిదేళ్ళు. నిద్ర లేదంటున్నారు. ఏం చెయ్యమంటారు?
– ఒక అమ్మ, కృష్ణలంక, విజయవాడ

అమ్మా, ముందు తాతయ్యగారికి నా తరఫున క్షమాపణ చెప్పండి. మీవాడికి చెప్పండి, టార్చ్ ఎదురుగా నిలబడి కళ్ళల్లోకి వెయ్యడం నువార్ కాదు, పోలీస్ తనిఖీ. పక్కకి వచ్చి, చెయ్యి తల కంటే ఎత్తులో పెట్టి, చెవి వైపు నుంచి బుగ్గ మీదుగా జార్చమనండి, అప్పుడు కళ్ళల్లో పడదు, ముడతలన్నీ ఒక్కోటీ లేచి కూర్చుంటాయి. రాత్రి భోజనమయ్యాక ఎనిమిదిన్నరకి తీసుకోమనండి, పడుకున్నాక కాదు. తాతయ్యగారు చుట్ట కాలుస్తారా? కాలిస్తే ఆ పొగ వెనక నుంచి ఇంకో టార్చ్ పెట్టమనండి. కాల్చకపోతే మాత్రం దీనికోసం అలవాటు చెయ్యొద్దు, సాంబ్రాణి చాలు. ఫోటో బాగా వస్తే పంపండి, వచ్చే నెల ఇక్కడే వేస్తాం, తాతయ్యగారు ఒప్పుకుంటేనే.